ఐదో కుందేలు

అక్టోబరు 24, మంగళవారం

గాలి పొడిగా ఉంది. పెట్టెలు దించి ఆరబెట్టడం మొదలుపెట్టాను. అత్తగారు ఉన్నన్నాళ్లూ నేను తాడు విప్పి, మూత తీసి పక్కకు జరిగేదాన్ని. పింగాణీని ఆవిడే బయటికి తీసేవారు. ఈ ఏడు అన్నీ నేనే తీశాను. మొత్తం పద్నాలుగు పెట్టెలు. ఇవాళ తొమ్మిది అయ్యాయి. ఒక్కొక్క వస్తువునూ వంటింటి త్రాసులో తూచి, బరువు ఈ ఇంటిఖర్చుల పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. తూచమని ఎవరూ చెప్పలేదు. రాసుకుంటే నాకు నిమ్మళం.

పదో పెట్టె తాడు ముట్టుకున్నాను గాని విప్పలేదు.

అక్టోబరు 25

పదో పెట్టె. పాత ఇమారి పింగాణీ, అలల మీద కుందేలు, చిన్న పళ్లాలు, ఐదు.

ఒకటి: 212 గ్రాములు. రెండు: 209. మూడు: 214. నాలుగు: 211. ఐదోది రెండు ముక్కలు, వేరే పట్టుగుడ్డలో చుట్టి ఉంది. రెండూ కలిపి 213. పగిలినా బరువేమీ తగ్గలేదు.

ఇరవై ఏడేళ్ల తర్వాత చూడటం. గీత గీసిన చెయ్యి ఐదింటికీ ఒకటే. అలల్లో నీలం నింపిన చేతులు మాత్రం రెండు. మూడో పళ్లెంలో నింపినామె కుంచెను తేలిగ్గా ఆనించింది. నీలం గీత దాకా వచ్చి ఆగింది, ఒక్క వెంట్రుకవాసి కూడా దాటలేదు. మిగతావి నింపినామెకు కాస్త తొందర ఎక్కువ. రెండు వందల ఏళ్ల కిందటి ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. నింపేవాళ్ల పేర్లు ఇప్పుడూ ఉండవు.

పెళ్లికి ముందు ఆరేళ్లు నేనూ ఊళ్లో పింగాణీ పనిశాలలో, నీలం నింపే గదిలో పని చేశాను. మా గదిలో పది మందిమి. గొంతు కూర్చుని, కుంచె నిండా నీలం పీల్చి, పళ్లెం మీద చెరువులా వదిలి, మిగిలింది మళ్లీ కుంచెతోనే పీల్చెయ్యాలి. పెళ్లయ్యాక కూడా వస్తానని వాళ్లకు మాటిచ్చాను.

మొదటి కొత్త సంవత్సరం వెళ్లిన ఎనిమిదో రోజు, వంటింట్లో నా చేతుల్లోనే ఐదో పళ్లెం రెండయింది. కిందపడలేదు, దేనికీ తగల్లేదు. నీళ్లలోంచి తీశాను, కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి. ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను.

అత్తగారు కేకలు వెయ్యలేదు. చాప మీద కూర్చుని, "ఆ చేతులతో ఇక పింగాణీ పని వద్దమ్మా" అన్నారు. మర్నాడు పనిశాలకు కబురు కూడా ఆవిడే పంపించారు.

మా ఆయన కునియాసు నా పక్కన కూర్చుని, నాతోపాటు తల నేలకు ఆనించి, "నా భార్య చేసిన తప్పుకు నేనూ క్షమాపణ అడుగుతున్నానమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతోనే నేను ఈ ఇంట్లో ఉండగలిగాను.

అక్టోబరు 28

అత్తగారి ఏడాది కర్మ వచ్చే నెల 26న. ఆడపడుచు తెరుయో వదిన, వాళ్లాయన వస్తారు. మేమిద్దరం. అత్తగారి ఫొటో ముందు ఒకటి. మొత్తం ఐదు. ఆ పళ్లాల్లో వడ్డించాలని ఉంది. నాలుగే అయిన రోజు నుంచీ ఆ పెట్టె మూతపడింది. నాలుగు అంటే చావు అన్నట్టే వినిపిస్తుంది, ఆ అంకెతో ఎవరి ముందు పళ్లెం పెడతాం?

ఐదోది అతికిస్తే?

అన్నం దగ్గర ఆయనతో అన్నాను.

"ఎందుకిప్పుడు పాత గొడవ?" అన్నారు.

"అత్తగారి మనసులో అది ఉండిపోయింది కదండీ."

"అమ్మ ఎప్పుడో మర్చిపోయింది. నువ్వే మోస్తున్నావు." మళ్లీ ఆయనే, "అతికినా అతుకు అతుకే" అన్నారు. ముల్లంగి ఊరగాయ ఇంకొంచెం వడ్డించుకున్నారు.

వద్దని మాత్రం అనలేదు.

నవంబరు 1

ముక్కలు పట్టుకెళ్లి, పగిలిన పింగాణీ అతికే ఎగుచిగారికి ఇచ్చాను. తండ్రీ కొడుకులు ఇద్దరిదీ అదే పని. తండ్రి పోయి పదేళ్లయింది. ఈయనకే ఇప్పుడు అరవై దాటాయి. చత్వారపు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని అడిగారు.

"బంగారం పూయమంటారా, అతుకు కనపడకుండానా?"

"కనపడకుండా."

"మంచిది. బంగారం పూస్తే పగిలిందని ఊరంతా చాటినట్టే. పగలగొట్టింది ఎవరమ్మా?"

"నేనే."

"చేతులు చూపించండి." చూపించాను. "ఇవి పగలగొట్టే చేతుల్లా లేవే" అని నవ్వారు. వ్యాపారస్తుల మాట. అయినా ఇంటికి వచ్చేదాకా మనసు తేలిగ్గా ఉంది.

నవంబరు 6

ఎగుచిగారు ఫోను చేసి రమ్మన్నారు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అంచులు శుభ్రం చెయ్యడానికి ముక్కలు నానబెట్టారట. పగులు వెంట పాత జిగురు తేలిందట. పళ్లెం నా చేతిలో విడిపోకముందే ఒకసారి పగిలింది, ఒకసారి అతికింది. అదే గీత వెంట మళ్లీ విడిపోయింది.

"కొత్త పగులు ఒక్కటి లేదమ్మా, ఆవగింజంత కూడా లేదు. మీరు పగలగొట్టలేదు. ఊడొచ్చిందంతే."

పగులు అంచు మీద, రంగు కింద దాగి, గీసిపెట్టిన రెండు సన్నటి గాట్లు చూపించారు. అది వాళ్ల నాన్నగారి గుర్తట. "కొనేవాడికీ చూసేవాడికీ కనపడకపోతే చాలు, తర్వాత అతికేవాడికి మాత్రం అబద్ధం చెప్పకూడదు అనేవాడు మా నాన్న. ఏది అతికినా లోపల ఈ రెండు గాట్లు పెట్టేవాడు."

ఎవరు తెచ్చి ఇచ్చారని అడిగాను.

"అది చెప్పకూడదమ్మా. కనపడకుండా అతికించుకున్న వాళ్ల పేరు బయట పెడితే ఈ దుకాణం రెండోరోజు ఉండదు."

నేను లేవలేదు. ఆయన పాత పని పుస్తకం ఒకటి తీసి, ఒక పేజీ తెరిచి బల్ల మీద నా వైపు తిప్పి పెట్టారు. "టీ పెట్టుకొస్తాను. నా టీ ఆలస్యం" అంటూ లోపలికి వెళ్లారు.

మా పెళ్లికి మూడు నెలల ముందు ఆగస్టు. పెద్దాయన రాత. కంఠతా వచ్చేదాకా చదివాను:

"9వ తేదీ. మిత్సుటాకే వారి అబ్బాయి కునియాసు. అలల కుందేలు పళ్లెం, ఐదింటిలో ఒకటి. అక్కగారి పురుటికి వెళ్లిన అమ్మ తిరిగి వచ్చేలోపు కావాలట. మూడే రోజులు. లక్క ఆరడానికి వారాలు పడుతుంది, అంత వ్యవధి లేదు, ఎముక జిగురుతో అతికాను. కనపడదు. వేడినీళ్లు తగిలితే విడిపోతుందని రెండుసార్లు చెప్పాను."

టీ తాగి వచ్చాను.

నవంబరు 7

మాకెరెల్ చేప, మిసో ముద్దలో ఉడికించింది. పాలకూర. మిగిలిన టోఫు.

నవంబరు 8

మర్చిపోయి ఉంటారు. ఆగస్టులో చెప్పిన మాట జనవరికి ఎవరికి గుర్తుంటుంది? మధ్యలో పెళ్లి. ఆ హడావిడి.

ఆ చలికాలం నా చేతులు చలికి పగిలి నెత్తురు వచ్చేవి. ఈ ఇంట్లో గిన్నెలన్నీ చన్నీళ్లతోనే కడగాలి, అది అత్తగారి పద్ధతి. పళ్లెం విడిపోయిన రోజు అత్తగారు పక్కింటికి వెళ్లారు. ఆయన వంటింట్లోకి వచ్చి, తనే కెటిల్ పొయ్యి మీద పెట్టి, తొట్టిలో వేడినీళ్లు పోసి, "చేతులు చూడు ఎలా అయ్యాయో. అమ్మ లేదుగా, దీంట్లో కడుగు" అన్నారు.

ప్రతి ఏడూ కొత్త సంవత్సరానికి సాకే తాగాక అందరిలో ఆ కథ చెబుతారు. తెరుయో వదిన వెక్కిరిస్తుంది: "కెటిల్ మొగుడు! పెళ్లాం చేతులకి నీళ్లు కాచిన మహానుభావుడు!" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నాకు ఆ కథంటే ఇష్టం.

మర్చిపోయే ఉంటారు.

నవంబరు 9

ఇంటిఖర్చుల పుస్తకాలు ఇరవై ఏడూ అటక మీద వరసగా ఉన్నాయి. మొదటిది దించాను. నా రాత అప్పుడు గుండ్రంగా ఉండేది.

జనవరి 5: "ఊరి పాత పింగాణీ ప్రదర్శనకు కుందేలు పెట్టె ఇస్తానని అత్తగారు ఒప్పుకున్నారు. క్యోటో నుంచి నిపుణులు వచ్చి ఒక్కొక్కటీ పరీక్షిస్తారట. ఆయనకు ఆకలి లేదన్నారు."

జనవరి 8: "కెటిల్. ఆయనే పెట్టారు." దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. నేనే చుట్టుకున్నాను.

ఆ కిందనే: "పళ్లెం."

మూడు రోజుల తేడా. పుస్తకం మళ్లీ అటక మీద పెట్టాను, దాని వరసలో.

నవంబరు 11

ఆయన గోళ్లు తీసుకుంటుంటే అడిగాను. మామూలుగానే అడిగాను.

"మన మొదటి చలికాలం గుర్తుందా అండీ?"

"లేకేం. నీ చేతులు ఇంతింత పగిలిపోయి ఉండేవి. నేనేగా నీళ్లు కాచింది!" తల ఎత్తి నవ్వారు. నిజంగా సంతోషంగానే నవ్వారు. "ఆ రోజుల్లో మొగుళ్లు ఎవరు కాచేవాళ్లు, చెప్పు?"

"ఎవరూ కాచేవాళ్లు కాదు."

"మరి!"

గోళ్ల ముక్కలు కాగితంలో పొట్లం కట్టి నాకిచ్చారు. పారేశాను.

ఆ నవ్వు అబద్ధం కాదు, అదే నాకు అర్థం కావడం లేదు. ఇరవై ఏడేళ్లు చెప్పీ చెప్పీ తనే నమ్మేశారేమో. నమ్మినవాడు దొంగ అవుతాడా?

నవంబరు 13

ఎగుచిగారి దగ్గరికి వెళ్లాను.

"మీ నాన్నగారు ఏ జిగురు వాడారో దాంతోనే అతికించండి. రంగు కూడా అలాగే వెయ్యండి."

"అమ్మా, అది నిలిచే పని కాదు. వేడి తగిలిందంటే..."

"తెలుసు."

"ఇప్పుడు తొందరేం లేదుగా, వేడికి లొంగని లక్కతో..."

"ఎగుచిగారూ, ఒక్కరోజు నిలిస్తే చాలు. తర్వాత మళ్లీ మీ దగ్గరికే తెస్తాను. అప్పుడు లక్కతో అతుకుదురు గాని."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా నాన్న రెండుసార్లు చెప్పాడు, నేను కూడా రెండుసార్లు చెబుతున్నాను" అని మళ్లీ చెప్పారు. విన్నాను. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 14

మర్చిపోయి ఉంటారు.

నవంబరు 22

పళ్లెం వచ్చింది. 213. వెలుతురుకు పెట్టి చూశాను, వేలితో తడిమాను. ఎక్కడా తెలియదు. కుందేలు ఏమీ జరగనట్టే అల మీద నుంచి దూకుతోంది.

లోపల ఇప్పుడు నాలుగు గాట్లు ఉన్నాయి. తండ్రివి అలాగే ఉంచి, పక్కన తనవి రెండు పెట్టానన్నారు ఎగుచిగారు.

నవంబరు 25

రేపటికి కావలసినవన్నీ సిద్ధం. గోదోఫు జున్ను చెయ్యడానికి సోయా పాలు తెచ్చాను. నువ్వుల పచ్చడి నూరాను. తామరదుంప, షియిటాకే పుట్టగొడుగులు నానబెట్టాను. పూజారి పదింటికి.

ఒక విషయం రాసి పెట్టుకోవాలి. రేపటి తర్వాత నేనే మాట మార్చేస్తానేమోనని.

భోజనాలయ్యాక ఐదు పళ్లాలూ తొట్టిలో పెడతాను. కెటిల్ ఆయన చేతికిస్తాను. ఆయన నిజంగా మర్చిపోయి ఉంటే వేడినీళ్లు పోసేస్తారు. పళ్లెం విడిపోతుంది. వదిన నన్నే అంటుంది. అననీ. ఇన్నాళ్లూ పడ్డాను, ఇంకో ఇరవై ఏళ్లు పడలేనా? పోసేస్తే చాలు. కెటిల్ కథ నాకు మిగులుతుంది.

పొయ్యాలి. దేవుడా, ఆయన పొయ్యాలి.

నవంబరు 26, ఆదివారం

పూజారి వచ్చి వెళ్లారు. ఎండ ఉంది గాని గాలి కోస్తోంది.

పళ్లాలు చూసి తెరుయో వదిన నోరు తెరిచింది. "ఓరి నాయనో, ఐదూ ఉన్నాయే! పగిలిందేదీ?"

"కనుక్కోండి వదినా."

అన్నీ తిప్పి తిప్పి చూసింది. వాళ్లాయన పళ్లెం లాక్కుని గోదోఫు ఆయన గిన్నెలో కుమ్మరించి మరీ చూసింది. "తిననివ్వవే బాబూ!" అని ఆయన మొత్తుకున్నారు. "నీ తిండి ఎక్కడికి పోతుందిలే! అమ్మ బతికుంటే ఎంత సంతోషించేదో. నీ చేత్తో పోయింది, నీ చేతి మీదుగానే వచ్చింది ఇకుయో. లెక్క సరిపోయింది పో!" అంది నాతో. మంచిగానే అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తామరదుంప ముక్క నములుతున్నారు. తన పళ్లెం అడుగు ఒకసారి తిప్పి చూసుకుని, అత్తగారి ఫొటో ముందున్న పళ్లెం వైపు చూశారు. అదే ఐదోది. ఎలా తెలిసిందో.

సాకే రెండు గుక్కలు పడ్డాక వదినే అడిగింది. "ఏరా కునీ, ఇవాళ నీ కెటిల్ కథ లేదా?"

"ఎన్నిసార్లు చెప్పను అక్కా?"

"కథ ఎందుకు వదినా, చేసి చూపిస్తారు" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. "ఇవాళ అంట్లు ఆయనే తోముతారు. రండి."

వదిన చప్పట్లు కొట్టింది. "ఇది చూసి తీరాలి! పదండి పదండి!" అందరం వంటింట్లోకి వచ్చాం. ఐదు పళ్లాలూ తొట్టిలో ఒకదాని పక్కన ఒకటి పేర్చాను, ఐదోది అన్నిటికన్నా ముందు. పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తోంది. గుడ్డ చుట్టి ఆయన చేతికిచ్చాను.

"చలిగా ఉందండీ. పొయ్యండి."

ఆయన పట్టుకున్నారు. కెటిల్ మూతి వంచారు కూడా. ఆవిరి వాళ్లక్క ముఖానికి కొట్టింది. నేను ఆయన మణికట్టునే చూస్తున్నాను. పొయ్యండి, పొయ్యండి అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

మణికట్టు ఆగిపోయింది.

"చన్నీళ్లతో కడుగుదాంలే" అన్నారు.

"ఏం? చలికి చస్తుంటే చన్నీళ్లేమిట్రా? పోసెయ్!" అంది వదిన.

"వద్దక్కా. పాత సామాను."

"పాతదైతే ఏం? పింగాణీకి వేడేమిటి, చలేమిటి? ఇలా ఇయ్యి, నేను పోస్తా."

ఆవిడ కెటిల్ మీద చెయ్యి వేసింది. ఆయన వెనక్కి లాగేశారు. నీళ్లు తుళ్లి నేల మీద పడ్డాయి.

"పొయ్యకు! ఊడిపోతుంది!"

"ఏది?"

ఆయన కెటిల్‌ను ఇంకొంచెం వెనక్కి జరిపారు.

"ఏది ఊడిపోతుందిరా? ఇకుయో, దేంతో అతికించావేమిటి?"

"ఎముక జిగురుతో వదినా. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ నన్ను చూసింది. తొట్టిని చూసింది. ఆవిడకు ఆలస్యంగా తెలుస్తుందని అందరూ అంటారు గాని, ఇవాళ అట్టే ఆలస్యం కాలేదు. ఆవిడ గొంతు చిన్నదైపోయింది.

"ఏరా కునీ... నీకెలా తెలుసురా?"

ఆయన కెటిల్‌ను నేల మీద పెట్టారు. పొయ్యి ఉంది, గట్టు ఉంది, నేల మీద పెట్టారు. వాళ్లక్క అడిగింది రెండోసారి కూడా. ఆయన నా వైపు తిరిగి, "ఇకుయో, ఆ రోజు నీ చేతులు నిజంగానే..." అన్నారు. వాక్యం పూర్తి కాలేదు.

వదిన వాళ్లాయన మెల్లగా ముందు గదిలోకి వెళ్లిపోయారు. వదిన అక్కడే బల్ల మీద కూలబడింది. "అమ్మ పోయేదాకా ఈ పిల్లనే అంటూ పోయింది కదరా. నేనూ అన్నాను కదరా" అంటూనే ఉంది.

నేను చన్నీళ్లు తిప్పి ఐదు పళ్లాలూ కడిగాను. వేళ్లు కొయ్యబారాయి. తుడిచి, ఒక్కొక్కటీ గుడ్డలో చుట్టాను. ఎవరూ సాయం రాలేదు, నేను రానివ్వలేదు.

నవంబరు 27

పదో పెట్టె. ఒకటి 212. రెండు 209. మూడు 214. నాలుగు 211. ఐదు 213.

ఒకటీ పగల్లేదు.

ఆయన పొద్దున్న కాగితం మీద ఏదో రాసి నా గిన్నె కింద పెట్టి ఆఫీసుకు వెళ్లారు. చదవలేదు. ఈ పుస్తకంలో, నవంబరు పేజీలో పెట్టాను. చదవాలనిపించిన రోజు చదువుతాను. అనిపించకపోవచ్చు కూడా.

నవంబరు 29

ఐదోది ఎగుచిగారికి ఇచ్చాను, లక్కతో అతకమని. ఆయన పని పుస్తకంలో రాసుకున్నారు. టీ మాత్రం ఈసారి ఆలస్యం కాకుండా తెచ్చారు.

వచ్చేదారిలో పనిశాలకు వెళ్లాను. నింపే గదిలో ఇప్పుడు నలుగురే. పెద్దామె నాతోపాటు పనిచేసిన హత్సుమి. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"వస్తానని చెప్పి ఎంత ఆలస్యం చేశావే!" అంది.

డిసెంబరు 4, సోమవారం

ఇవాళ కుంచె పట్టాను. నీలం రెండుసార్లు గీత దాటింది, ఒకసారి మొత్తం చెరువే పొంగింది. హత్సుమి తిట్టింది, నవ్వింది, మళ్లీ తిట్టింది.

నింపినవి ఏడు. పాడైనవి మూడు.

ఆ మూడూ నేను పాడుచేసినవే.